సూర్యుని అతినీలలోహిత కిరణాలు – క్షేత్ర శ్రామికుల ఆరోగ్యం: తిరుమలగిరి పంటల కాలపట్టిక ఆధారంగా ఒక వివరణ

ఉపోద్ఘాతం

కందిలో కాయతొలుచు పురుగు నివారణకు ఎన్.పి.వి. ద్రావణాన్ని సిఫార్సు చేసేటప్పుడు మనం రైతుకు రెండు జాగ్రత్తలు తప్పక చెబుతాము. మొదటిది, సాయంత్రం వేళ మాత్రమే పిచికారీ చేయాలి. రెండవది, ద్రావణంలో బట్టల నీలిమందు కలపాలి. రెండింటికీ కారణం ఒక్కటే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు వైరస్‌లోని కేంద్రకామ్లాన్ని దెబ్బతీసి దానిని త్వరగా నిర్వీర్యం చేస్తాయి.

సూర్యాపేట జిల్లా తిరుమలగిరి ప్రాంతంలో గ్రామీణ అనుభవ శిక్షణలో ఉన్న విద్యార్థులతో కలిసి ఒక కంది చేను గట్టుపై ఈ విషయాన్నే వివరిస్తున్న సందర్భంలో, పక్క చేనులో పత్తి ఏరుతున్న ఒక మహిళా కూలీ పని ఆపి ఇలా అడిగింది: "మందు ఎండకు పాడైతదని పొద్దుగూకే ముందు కొట్టమంటున్నరు. మరి పొద్దంతా ఎండల ఉండే మా కండ్లు పాడుగావా సారూ?" పాడవుతాయమ్మా అని ఒక్క మాటలో జవాబు చెప్పగలిగాను. కానీ ఏం చేయాలని ఆమె మరల అడిగినప్పుడు, వడదెబ్బకు చెప్పే జాగ్రత్తలు తప్ప నా వద్ద గాని, నా విద్యార్థుల వద్ద గాని సిద్ధంగా ఉన్న సమాధానం లేదు. అది నవంబరు నెల. వడదెబ్బ జాగ్రత్తలకు అక్కడ అర్థమే లేదు.

ఆమె ప్రశ్నకు సవివరమైన సమాధానమే ఈ వ్యాసం. అతినీలలోహిత కిరణాల ప్రభావాన్ని ఎండ వేడిమితో కొలవడం మన విస్తరణ సలహాలలోని ప్రధాన లోపమని, మన ప్రాంత శ్రామికులలో ఈ కిరణాల వలన అధికంగా నష్టపోయేది చర్మం కన్నా కన్ను అని వివరించడం దీని ఉద్దేశం.

అతినీలలోహిత కిరణాల స్వరూపం

దృశ్యకాంతిలోని ఊదారంగుకు ఆవల, 100 నుండి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల వికిరణాన్ని అతినీలలోహిత వికిరణం అంటారు. జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ 1801లో దీనిని కనుగొన్నాడు. దీనిని మూడు భాగాలుగా విభజిస్తారు. 315–400 నానోమీటర్ల మధ్యది యు.వి.–ఎ, 280–315 మధ్యది యు.వి.–బి, 100–280 మధ్యది యు.వి.–సి. వీటిలో యు.వి.–సి మొత్తాన్నీ, యు.వి.–బిలో సుమారు 90 శాతాన్నీ వాతావరణంలోని ఓజోన్, ఇతర వాయువులు శోషిస్తాయి. అందువలన నేలను చేరే అతినీలలోహిత వికిరణంలో అత్యధిక భాగం యు.వి.–ఎ. కొద్ది భాగమే అయినప్పటికీ, జీవకణాలకు హాని చేయడంలో యు.వి.–బి శక్తి చాలా ఎక్కువ.

యు.వి.–బి కిరణాలను డి.ఎన్.ఎ. నేరుగా శోషిస్తుంది. అప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్ అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని జంటలుగా మారుతాయి. కణంలోని మరమ్మతు ఎంజైములు వీటిని చాలావరకు సరిచేస్తాయి. సరికానివి ఉత్పరివర్తనాలుగా మిగులుతాయి. యు.వి.–ఎ కిరణాలు చర్మంలో మరింత లోతుకు చొచ్చుకుపోయి, చురుకైన ఆక్సిజన్ అణువులను పుట్టించి, కొల్లాజెన్ పోగులను, కణపొరలను దెబ్బతీస్తాయి. కంది చేనులో వైరస్‌కు జరిగేదీ, మన చర్మకణంలో జరిగేదీ మూలంలో ఒకే రసాయన చర్య. మొక్కలు తమ పత్రాల పైపొరలో ఫ్లేవనాయిడ్లను నింపుకుని ఈ కిరణాల నుండి రక్షించుకుంటాయి. మనిషికి ఆ పని మెలనిన్ చేస్తుంది.

ఈ కిరణాల తీవ్రతను సామాన్యులకు తెలియజేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ తదితర సంస్థలు యు.వి. సూచీని రూపొందించాయి. 0–2 స్వల్పం, 3–5 మధ్యస్థం, 6–7 అధికం, 8–10 అత్యధికం, 11 అంతకు మించినది తీవ్రం. సూచీ 3కు చేరినప్పటి నుండే రక్షణ చర్యలు అవసరమని ఈ సంస్థలు సూచిస్తున్నాయి. దక్షిణ భారతదేశంలో నిర్మలాకాశం ఉన్న వేసవి మధ్యాహ్నాలలో సూచీ 11 దాటడం సాధారణం.

వేడి గడియారం వేరు, కిరణ గడియారం వేరు

మనం ఎండలో నిలబడినప్పుడు చర్మానికి తెలిసే వేడి పరారుణ, దృశ్యకాంతుల వలన కలిగేది. నేలను చేరే సౌరశక్తిలో అతినీలలోహిత వాటా సుమారు 5 శాతం మాత్రమే. దానిని కన్ను చూడలేదు, చర్మం వేడిగా గుర్తించలేదు. కనుక చల్లగా ఉన్న ఎండ మంచిదేనన్న నమ్మకం శాస్త్రీయంగా నిలవదు. చల్లని గాలి వేడిని తగ్గిస్తుంది గాని కిరణాన్ని ఆపదు.

ఈ రెండింటి వేళలు కూడా వేరు. గాలి ఉష్ణోగ్రత సాధారణంగా మధ్యాహ్నం 2 నుండి 4 గంటల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. అతినీలలోహిత కిరణాల తీవ్రత మాత్రం సూర్యుడు ఆకాశంలో అత్యంత ఎత్తున ఉన్నప్పుడే గరిష్ఠం. మన ప్రాంతంలో ఈ సౌర మధ్యాహ్నం ఋతువును బట్టి దాదాపు 11.55 నుండి 12.26 గంటల మధ్య వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శిక ప్రకారం రోజులో అందే మొత్తం అతినీలలోహిత వికిరణంలో సుమారు 60 శాతం ఉదయం 10 నుండి మధ్యాహ్నం 2 గంటల మధ్యనే అందుతుంది. ఎండ ముదిరిందని ఒంటిగంటకు ఇంటికి చేరిన కూలీ వేడి నుండి తప్పించుకున్నప్పటికీ, ఆ రోజు కిరణాలలో అధిక భాగాన్ని అప్పటికే భరించి ఉంటుంది.

మబ్బు కూడా సంపూర్ణ రక్షణ కాదు. పలుచని మబ్బుల గుండా 90 శాతానికి పైగా అతినీలలోహిత కిరణాలు చొచ్చుకు రాగలవు. దట్టమైన వానమబ్బు మాత్రమే వీటిని గణనీయంగా తగ్గిస్తుంది. ఇక నేల నుండి పరావర్తనం విషయానికి వస్తే, పచ్చిక, నీరు 10 శాతం లోపు, పొడి ఇసుక సుమారు 15 శాతం కిరణాలను తిప్పి పంపుతాయి. నీటిమడి పరావర్తనం స్వల్పమే అయినా అది కింది నుండి వస్తుంది గనుక, తలపై ఉన్న టోపీ గాని రుమాలు గాని దానిని ఆపలేదని గమనించాలి.

తిరుమలగిరి సూర్యుడు – పంటల కాలపట్టిక

తిరుమలగిరి సుమారు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. కర్కటరేఖకు దక్షిణాన ఉన్నందున ఇక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మొదటిసారి మే రెండవ వారంలో, రెండవసారి ఆగస్టు మొదటి వారంలో. ఆ రోజులలో సౌర మధ్యాహ్నాన నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. అదీగాక ఉష్ణమండలంపై ఓజోన్ పొర సహజంగానే సమశీతోష్ణ మండలాలలో కన్నా పలుచన. ఈ రెండు కారణాల వలన మన ప్రాంతం ప్రపంచంలో అతినీలలోహిత వికిరణం అధికంగా అందే ప్రాంతాలలో ఒకటి.

కిరణాల తీవ్రతను పరికరం లేకుండా అంచనా వేయడానికి ఒక సులభమైన గుర్తు ఉన్నది. మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే రక్షణ అవసరం. సూర్యుడు 45 డిగ్రీల కన్నా ఎత్తున ఉన్నాడని దాని అర్థం. ఈ గుర్తును తిరుమలగిరికి అన్వయించి లెక్కిస్తే, మే రెండవ వారంలో ఉదయం 9 గంటల నుండి మధ్యాహ్నం దాదాపు 3.15 వరకు నీడ మనిషి కన్నా పొట్టిగా ఉంటుంది. అత్యంత చిన్న పగలైన డిసెంబరు 22న కూడా సౌర మధ్యాహ్నాన సూర్యుని ఎత్తు 49 డిగ్రీలు. అయిదున్నర అడుగుల మనిషి నీడ నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలే. ఆ రోజు సైతం 10.50 నుండి 1.25 వరకు, అంటే రెండున్నర గంటలపాటు, నీడ పొట్టిదే. ఈ గుర్తు ప్రకారం రక్షణ అవసరం లేని నెల మనకు ఏడాదిలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఈ సూర్యుని పట్టికను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు వ్యవసాయ పనుల పట్టికతో పోల్చి చూద్దాం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలోనూ, శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువలు, బావులు, బోర్ల కింద తిరుమలగిరి వైపునా వరి విస్తారంగా సాగవుతున్నది. మెట్టలో పత్తి ప్రధాన పంట.

• జూలై – ఆగస్టు: వానాకాలం వరి నాట్లు, పత్తిలో కలుపు తీత. సూర్యుడు రెండవసారి నడినెత్తికి వచ్చే కాలం. మబ్బుల వలన వేడి తెలియదు. మబ్బు విడిన ప్రతి గంటా వేసవి మధ్యాహ్నంతో సమానమే.

• అక్టోబరు – జనవరి: పత్తి ఏరడం. కూలీలు గంటల తరబడి నిటారుగా గాని, కొద్దిగా వంగి గాని బయలులో నిలబడి చేసే పని. ఎండ హాయిగా అనిపిస్తుంది. నిర్మలాకాశం ఉన్న మధ్యాహ్నాలలో సూచీ అధికం స్థాయికి చేరగలదు.

• డిసెంబరు – ఫిబ్రవరి: యాసంగి నాట్లు. నడుము వంచి చేసే పని గనుక మెడ వెనుక భాగం, వీపు పైభాగం, ముంజేతులు ఎండకు గురవుతాయి.

• ఏప్రిల్ – మే: యాసంగి వరికోతలు, కల్లాలలోనూ కొనుగోలు కేంద్రాలలోనూ ధాన్యం ఆరబోత. సూర్యుడు మొదటిసారి నడినెత్తికి వచ్చే కాలం. ధాన్యాన్ని తిరగేస్తూ, కుప్పల వద్ద కాపలా ఉంటూ రైతులు రోజుల తరబడి నీడలేని మైదానంలో గడుపుతారు.

వడదెబ్బ హెచ్చరికలు ఈ నాలుగింటిలో చివరి దానికే వర్తిస్తాయి. తక్కిన మూడు కాలాలలో శ్రామికులకు ఎండ గురించి మనం ఏమీ చెప్పడం లేదు. ఇంటిలోపల పనిచేసేవారికి ఏడాదిలో అందే అతినీలలోహిత వికిరణం, ఆరుబయట పనిచేసేవారికి అందేదానిలో 10 నుండి 20 శాతం మాత్రమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. ఆ అయిదు నుండి పది రెట్ల తేడా నలభై ఏళ్ల శ్రమజీవితంలో ఎంతగా పోగుపడుతుందో ఊహించవచ్చు.

కంటిపై ప్రభావం

నల్లని చర్మానికి మెలనిన్ రక్షణ ఉంది. కంటి కటకానికి అటువంటి రక్షణ లేదు. శుక్లపటలం యు.వి.–బిలో కొంత భాగాన్ని ఆపుతుంది, మిగిలినది, యు.వి.–ఎలో అధిక భాగం కటకమే శోషిస్తుంది. కటకంలో ఒకసారి ఏర్పడిన మాంసకృత్తులు జీవితాంతం అలాగే ఉంటాయి, వాటి స్థానంలో కొత్తవి రావు. ఏళ్ల తరబడి శోషించిన కిరణాల వలన ఆ మాంసకృత్తులు గడ్డకట్టి కటకం మసకబారుతుంది. శుక్లం ఏర్పడే మార్గాలలో ఇది ఒకటి.

దీనికి బలమైన ఆధారం అమెరికాలోని చెసపీక్ అఖాతపు మత్స్యకారులపై జరిగిన అధ్యయనం. హ్యూ టేలర్ బృందం 838 మంది మత్స్యకారుల జీవితకాల ఎండను లెక్కగట్టి 1988లో ఫలితాలు ప్రచురించింది. కంటికి అందిన యు.వి.–బి మోతాదు రెట్టింపైతే కటకపు బయటి పొరలో వచ్చే శుక్లం ప్రమాదం 1.6 రెట్లు అవుతుందని అందులో తేలింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకాశం జిల్లాతోపాటు గురుగ్రామ్, గువాహటి ప్రాంతాలలో నలభై ఏళ్లు దాటినవారిని పరిశీలించింది. జీవితకాలంలో అందిన ఎండ పెరిగిన కొద్దీ శుక్లం కూడా పెరిగినట్లు అది గుర్తించింది. పొగతాగడం, ఇంటిలోపలి వంటచెరకు పొగ కూడా కారణాలుగా కనిపించాయి. ఉదయం పొయ్యి పొగ, పగలు ఎండ రెండింటినీ భరించే గ్రామీణ మహిళ విషయంలో ఈ ఫలితం ఆలోచింపజేస్తుంది.

తెలుగు ప్రాంతంలో కంటి జబ్బుల తీవ్రతను మొదటిసారి విస్తృతంగా కొలిచినది హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ. 1996–2000 మధ్య హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి ప్రాంతాలలో 10,293 మందిని ఈ సంస్థ పరీక్షించింది. వందమందిలో దాదాపు ఇద్దరు అంధత్వంతో ఉన్నారని, అందులో 44 శాతానికి శుక్లమే కారణమని తేలింది. ఇదే అధ్యయనంలో ముప్ఫై ఏళ్లు దాటినవారిలో సుమారు 12 శాతానికి కంటిలో కండ పెరిగినట్లు గుర్తించారు. వైద్యులు టెరీజియం అని పిలిచే ఈ కండ ముక్కువైపు తెల్లగుడ్డు నుండి నల్లగుడ్డు మీదికి త్రికోణాకారంలో పాకుతుంది. ఆరుబయట పనిచేసేవారిలో ఇది ఎక్కువగా ఉన్నట్లు అధ్యయనం చూపింది. ఎండ, దుమ్ము, గాలి కలిసిన పని వాతావరణమే దీనికి అనుకూలం.

కంటి విషయంలో మరొక ముఖ్యాంశం ఉన్నది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ్మ ఎముక, పైరెప్ప కంటికి నీడనిస్తాయి. సూర్యుడు 40 డిగ్రీల పరిసరాలలో ఉన్నప్పుడు, అంటే ఉదయం ముదురుతున్న వేళ, మధ్యాహ్నం వాలుతున్న వేళ, కిరణాలు నేరుగా కంటిలో పడతాయి. జపాన్ పరిశోధకులు బొమ్మ తలకు సెన్సర్లు అమర్చి జరిపిన కొలతలలో సూర్యునికి ఎదురుగా ఉన్న కంటికి ఈ రెండు వేళలలోనే యు.వి.–బి ఎక్కువగా అందినట్లు తేలింది. డిసెంబరులో మన సూర్యుడు రోజంతా 51 డిగ్రీలు దాటడు. కనుక పత్తి ఏరే కాలంలో పగటి వేళలో అధిక భాగం సూర్యుడు కంటికి ఎదురుగానే ఉంటాడు. చర్మానికి సాపేక్షంగా సౌమ్యమైన శీతకాలపు ఎండ కంటికి సౌమ్యం కాదు. ఆ మహిళ నవంబరులో వేసిన ప్రశ్న సరైన కాలంలో వేసిన ప్రశ్నే.

చర్మంపై ప్రభావం

అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1992లో సౌర వికిరణాన్ని మానవులకు కేన్సర్ కలిగించే మొదటి వర్గపు కారకంగా నిర్ధారించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో సంయుక్తంగా వెలువరించిన అంచనా ప్రకారం, 2019లో ప్రపంచవ్యాప్తంగా 160 కోట్ల మంది ఎండలో పనిచేశారు. మెలనోమాయేతర చర్మ కేన్సర్ మరణాలలో దాదాపు మూడింట ఒక వంతుకు ఎండలో పనిచేయడమే కారణం.

తెల్లని చర్మం గలవారితో పోల్చితే మనలో చర్మ కేన్సర్లు చాలా తక్కువ. 1979లో ప్రచురితమైన కొలతల ప్రకారం నల్లజాతీయుల చర్మపు పైపొర సుమారు 13 రెట్లు, శ్వేతజాతీయులది 3 రెట్లు రక్షణ ఇస్తుంది. మన చర్మాలు ఈ రెండింటి మధ్య ఉంటాయి. అయితే ఈ రక్షణ అందరికీ సమానం కాదు. బొల్లి మచ్చలు ఉన్నవారికి ఆ మచ్చల చోట మెలనిన్ ఉండదు. పుట్టుకతో వర్ణహీనత ఉన్నవారికి శరీరమంతటా ఉండదు. వీరిని ఎండ పనికి పంపకుండా ఉండటం, తప్పనిసరైతే పూర్తి దుస్తులతో పాటు ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకు మించిన లేపనం వాడించడం అవసరం.

కేన్సర్ అరుదైనంత మాత్రాన చర్మానికి హాని లేదనుకోరాదు. మన పొలాలలో ఎండ ఒంటరిగా గాక, మరొక కారకంతో కలిసి చేసే హానియే ఎక్కువ. మూడు ఉదాహరణలు గమనార్హం.

మొదటిది వయ్యారిభామ. 1950లలో పుణె వద్ద గుర్తించిన ఈ కలుపు నేడు మన గట్లన్నిటా విస్తరించింది. దీనిలోని పార్థెనిన్ వలన ముఖం, మెడ, మోచేతి మడతలలో తీవ్రమైన దురద, చర్మశోథ కలుగుతాయి. కొందరిలో కాలక్రమేణా ఇది ఎండ తగిలిన ప్రతిసారీ తిరగబెట్టే దీర్ఘవ్యాధిగా మారుతుంది. ఈ కలుపును పూతకు ముందే తొలగించాలన్న సలహా పంట దిగుబడికే గాక చర్మ రక్షణకు కూడా సంబంధించినది.

రెండవది మందులు. రక్తపోటుకు వాడే థయజైడ్ మాత్రలు, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌లు కొందరిలో చర్మాన్ని ఎండకు అతిసున్నితం చేస్తాయి. మాత్ర మొదలుపెట్టిన తరువాత ఎండ తగిలిన చోట మాత్రమే దద్దురు కనిపిస్తే వైద్యునికి చెప్పాలి. సొంతంగా మాత్ర మానరాదు.

మూడవది ఆహారం. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి, పొలుసులు లేచి, మెడ చుట్టూ హారంలా మచ్చ ఏర్పడే పెల్లాగ్రా వ్యాధి నియాసిన్ లోపం వలన వస్తుంది. మొక్కజొన్న ప్రధానాహారమైన దేశాలలో ప్రసిద్ధమైన ఈ వ్యాధిని దక్కన్ పీఠభూమిలో జొన్నపై ఆధారపడిన నిరుపేదలలో హైదరాబాదు పోషకాహార పరిశోధకులు గుర్తించారు. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంటియా 1960లో జొన్నలోని అధిక ల్యూసిన్‌కు ఈ వ్యాధితో సంబంధం ఉన్నదని ప్రతిపాదించారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. పప్పు, పాలు, ఇతర ధాన్యాలు లేని ఒంటరి జొన్న తిండియే సమస్య. ఎండ వ్యాధిగా కనిపించిన దాని మూలం కంచంలో ఉన్నది. శ్రామికుని చర్మాన్ని పరిశీలించేవారు అతని భోజనాన్ని కూడా విచారించవలసి ఉంటుందని ఈ చరిత్ర నేర్పుతున్నది.

విటమిన్ డి: ఎండలోని మేలు

చర్మంలోని 7–డీహైడ్రోకొలెస్టరాల్ యు.వి.–బి కిరణాల సహాయంతో విటమిన్ డిగా మారుతుంది. ఎముకల పటుత్వానికి ఇది అత్యవసరం. డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం తిరుపతిలో జరిపిన ప్రయోగాలలో ఈ మార్పు ఉదయం 11 నుండి మధ్యాహ్నం 2 గంటల మధ్య అధికంగా జరిగినట్లు తేలింది. అనగా మేలు చేసే కిరణం, కీడు చేసే కిరణం ఒకే వేళ వస్తాయి. తేడా మోతాదులోనే ఉన్నది.

ఇదే బృందం 2008లో ప్రచురించిన ఆంధ్రప్రదేశ్ అధ్యయనం మరొక ఆశ్చర్యకరమైన విషయాన్ని వెల్లడించింది. విటమిన్ డి లోపం పట్టణ పురుషులలో 62 శాతం, పట్టణ మహిళలలో 75 శాతం కాగా, గ్రామీణ పురుషులలో 44 శాతం, గ్రామీణ మహిళలలో 70 శాతం ఉన్నది. పొలం ఎండ పురుషులకు కొంత మేలు చేసింది గాని లోపాన్ని పూర్తిగా తొలగించలేదు. మహిళలలో పల్లెకు, పట్టణానికి తేడా స్వల్పం. ఆహారంలో కాల్షియం తక్కువగా, ధాన్యాలలోని ఫైటేట్ ఎక్కువగా ఉండటం వలన శరీరంలోని విటమిన్ డి త్వరగా ఖర్చవుతుందని పరిశోధకులు వివరించారు.

దీని నుండి రెండు నిర్ణయాలకు రావచ్చు. ఒకటి, రోజంతా పొలంలో ఉండే శ్రామికులకు విటమిన్ డి కోసం అదనపు ఎండ అవసరం లేదు. వారికి అవసరమైనది పాలు, పెరుగు, ఆకుకూరలు, వంద గ్రాములలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియం గల రాగులు. రెండు, కంటికి నీడనివ్వడం వలన విటమిన్ డి తగ్గదు. ఆ విటమిన్ తయారయ్యేది చర్మంలో, కంటిలో కాదు.

ఓజోన్ పొర – వ్యవసాయం

1987 సెప్టెంబరు 16న కుదిరిన మాంట్రియల్ ఒప్పందంలో భారతదేశం 1992లో భాగస్వామి అయ్యింది. ఆ ఒప్పందం నియంత్రించిన రసాయనాలలో మిథైల్ బ్రోమైడ్ ఒకటి. ఇది నేలను, గోదాములను ధూమీకరించడానికి వ్యవసాయంలో వాడినదే. క్వారంటైన్, ఎగుమతి ముందు ధూమీకరణ వంటి మినహాయింపులు తప్ప 2015 నాటికి అభివృద్ధి చెందుతున్న దేశాలు కూడా దానిని విడిచిపెట్టాయి. ప్రస్తుత విధానాలు కొనసాగితే ధ్రువాలు మినహా ప్రపంచమంతటా ఓజోన్ పొర 2040 నాటికి 1980 నాటి స్థితికి చేరగలదని 2023 జనవరిలో వెలువడిన ఐక్యరాజ్యసమితి నివేదిక అంచనా వేసింది. ఇది సంతోషించదగినదే. అయితే మన నెత్తిన సూర్యుడు నిలువుగా ఉండటం ఓజోన్ రంధ్రం వలన కలిగినది కాదు. ఓజోన్ పూర్తిగా కోలుకున్నా మన శ్రామికులకు రక్షణ అవసరం తగ్గదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

1. నీడ గుర్తును నేర్పాలి. నీడ మనకన్నా పొట్టిగా ఉంటే తల, కన్ను, మెడ కప్పుకోవాలన్న ఒక్క వాక్యం పరికరం లేకుండా, చదువు లేకుండా, ఏ చేనులోనైనా పనికివస్తుంది. దీనిని వేసవికి పరిమితం చేయరాదు. కంటికి మాత్రం సూర్యుడు ఎదురుగా ఉన్నంతసేపూ, నీడ పొడవుగా ఉన్నప్పుడు కూడా, జాగ్రత్త అవసరమని చేర్చి చెప్పాలి.

2. రుమాలుకు అంచు చేర్చాలి. తలకు చుట్టిన రుమాలు, తలపైకి లాగిన కొంగు నెత్తిని కాపాడుతాయి గాని కంటికి నీడనివ్వవు. నాలుగు వైపులా మూడు అంగుళాల అంచు గల టోపీ కంటికి చేరే కిరణాలను దాదాపు సగానికి తగ్గిస్తుంది. తాటాకు టోపీ దీనికి చక్కగా సరిపోతుంది. టోపీ కింద రుమాలును మెడ వెనుకకు జారవిడిస్తే నాట్ల వేళ మెడకు కూడా రక్షణ లభిస్తుంది.

3. ఉన్న మంచి అలవాటును గుర్తించి ప్రోత్సహించాలి. మన మహిళా కూలీలు చీరపై పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని పనిచేస్తారు. వరి ఆకు గీసుకోకుండా, పత్తి కాయ గుచ్చుకోకుండా వారు ఎంచుకున్న ఈ పద్ధతి అతినీలలోహిత కిరణాలకు కూడా ఉత్తమ కవచం. దగ్గర నేత, ముదురు రంగు గల పొడి వస్త్రం ఎక్కువ రక్షణ ఇస్తుంది. పలుచని తెల్లని నూలు వస్త్రం తడిస్తే దాని రక్షణ మరింత తగ్గుతుంది.

4. కళ్లజోళ్ల విషయంలో రంగును చూసి మోసపోరాదు. 400 నానోమీటర్ల వరకు అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని ముద్రించిన అద్దమే వాడాలి. ఆ గుణం లేని నల్లని అద్దం కనుపాపను విప్పారేలా చేసి లోపలికి మరిన్ని కిరణాలను అనుమతించే ప్రమాదం ఉన్నది. పిచికారీ సమయంలో వాడే పాలీకార్బొనేట్ రక్షణ అద్దాలు రంగు లేకున్నా ఈ కిరణాలలో అధిక భాగాన్ని ఆపుతాయి. మందు కొట్టేటప్పుడు వాడినవాటినే శుభ్రం చేసి కలుపు తీసేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు వాడుకోవచ్చు.

5. పని వేళలను సవరించాలి. మే నెలలో ధాన్యం తిరగేయడం ఉదయం 9 లోపు, సాయంత్రం 4 తరువాత పెట్టుకోవాలి. మధ్యాహ్న భోజన విరామాన్ని ఒంటిగంటకు గాక 11.30కు మొదలుపెడితే తీవ్రమైన గంట నీడలో గడుస్తుంది. కొనుగోలు కేంద్రాలలో నీడ పందిళ్లు ధాన్యానికే గాక మనుషులకు కూడా అవసరమైన సదుపాయం. ఒంటరి చెట్టు నీడలో కూడా ఆకాశం నుండి చెల్లాచెదురైన కిరణాలు చేరుతాయి గనుక గుబురైన చింత, వేప నీడ మేలు.

6. కంటి పరీక్షకు పంపాలి. నలభై దాటిన రైతులకు, కూలీలకు ఏడాదికోసారి కంటి పరీక్ష అవసరమని రైతు వేదిక సమావేశాలలో చెప్పాలి. తెలంగాణలో 2018లోనూ, 2023లోనూ జరిగిన కంటి వెలుగు శిబిరాల వలన పరీక్షపై గ్రామాలలో అవగాహన ఏర్పడింది. శుక్లాన్ని కరిగించే చుక్కల మందు లేదు. శస్త్రచికిత్సతో చూపు తిరిగి వస్తుంది. కంటిలో చెట్ల పసరు పోయించుకోవడం ప్రమాదకరమని స్పష్టంగా చెప్పాలి.

7. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం. కిరణ మోతాదును నమోదు చేసే చిన్న బిళ్లలను నాట్లు, పత్తి ఏరడం, ధాన్యం ఆరబోత చేసేవారి మెడకు, టోపీ అంచుకు, నుదుటికి అమర్చి కొలిస్తే, ఏ పనిలో ఏ అవయవానికి ఎంత అందుతున్నదో మన పొలాల లెక్కలతోనే చెప్పవచ్చు.

ముగింపు

అతినీలలోహిత కిరణాలను వేడితో గుర్తించలేము, నీడతో గుర్తించగలము. అవి మన శ్రామికుల చర్మం కన్నా కంటిని ఎక్కువగా దెబ్బతీస్తాయి. ఆ నష్టం ఒక రోజులో కాక నలభై ఏళ్లలో జరుగుతుంది గనుక ఎవరూ దానిని పనితో ముడిపెట్టరు, వయసు వలన వచ్చిందనే అనుకుంటారు. పత్తి ఏరే చేతికి చూపు తోడు కాకపోతే కూలి దొరకదు. కాబట్టి ఇది ఆరోగ్య శాఖకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, జీవనోపాధికి సంబంధించిన వ్యవసాయ విస్తరణ విషయం కూడా. ఎన్.పి.వి. ద్రావణాన్ని సాయంత్రం పిచికారీ చేయమని చెప్పే ప్రతిసారీ, దానిని పిచికారీ చేసే మనిషికి, పక్క చేనులో పత్తి ఏరే మనిషికి కూడా నీడ గుర్తును, అంచు టోపీని చెప్పడం మన కర్తవ్యం. తిరుమలగిరి చేనులో ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇకనైనా మన విద్యార్థులు గట్టు మీదనే సమాధానం చెప్పగలగాలి.